‘హెడ్ హంటర్స్’ (1973) మళ్ళీ వింటే: కమీలియన్ బేస్, సీసా ఈల, రెండు రకాల ఎల్‌పీలు

పళ్ళెంసూది

అమెరికన్ జాజ్ కీబోర్డిస్టు హెర్బీ హాన్‌కాక్ ఆల్బం ‘హెడ్ హంటర్స్’ను విడదీసి మళ్ళీ వింటూ, అందులోని ‘కమీలియన్’, ‘వాటర్‌మెలన్ మ్యాన్’ రెండిటినీ అయిదుగురు వాయించేలా సిద్ధం చేస్తున్నాను. నాలుగు చోట్ల పని ఆగింది, తెలిసినవాళ్ళు చెప్పండి.

కవర్ మీది పేర్లలో గిటారిస్టు లేడు. మరి ‘కమీలియన్’ మొదట్లో బేస్ పైన సన్నగా గిటార్‌లా వినిపించేది ఏమిటి?

సింథ్ బేస్‌ను సాఫ్ట్‌వేర్‌లో చేశాను. రెండు ఆసిలేటర్లు (స్వరం పుట్టించే భాగాలు), కొంచెం డీట్యూన్ (రెండిటి శ్రుతిలో చిన్న తేడా), కొంచెం రివర్బ్ (గది ప్రతిధ్వని). స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ బురదలో కాలేసినట్టుంది. అసలు రికార్డులోని కొరుకుడు రావట్లేదు.

‘వాటర్‌మెలన్ మ్యాన్’ మొదట్లో ఊదేది బీరు సీసా అని తెలుసు. దాన్ని శ్రుతికి తెచ్చేదెలా? ఊదుతూ ఉంటే పది నిమిషాల్లోనే శ్రుతి పైకి పోతోంది.

ఇక రికార్డుల సంగతి. ఉన్నవి రెండు కాపీలు, కేటలాగ్ నంబర్లు ఇవి: కేసీ 32731, సీక్యూ 32731. మొదటి దాంట్లో ఒకటో సైడు చివరికొచ్చేసరికి శబ్దం గరుకెక్కుతోంది. రెండోదాన్ని మామూలు స్టీరియోలో వింటే కొన్ని వాయిద్యాలు ఎక్కడున్నాయో తెలియడం లేదు, స్పీకర్ల బయట తేలుతున్నట్టున్నాయి. పళ్ళెం పాడయిందా, సూది పాడయిందా?

ఆరోవేలు

గిటార్ లేదు. మీరు గిటార్ అనుకున్నది పాల్ జాక్సన్ బేస్ గిటారే. మెడ పైభాగంలో, సన్నని స్వరాల్లో వాయించాడు. అందరూ బేస్ అనుకునేది హాన్‌కాక్ వాయించిన ఆర్ప్ ఒడిస్సీ సింథసైజర్. రిథమ్ గిటార్ చేయాల్సిన గీరుడు పని హోనర్ డీ6 క్లావినెట్ అనే తీగల కీబోర్డుది. అంటే ఎవరి కుర్చీలో వాళ్ళు లేరు. బేసిస్టు గిటారిస్టు కుర్చీలో, కీబోర్డు బేసిస్టు కుర్చీలో, ఇంకో కీబోర్డు రిథమ్ గిటార్ కుర్చీలో కూర్చున్నారు. మీ అయిదుగురికి పాత్రలు పంచేటప్పుడు ముందు ఇది తేల్చుకోండి. బేసిస్టుకు అలవాటు ప్రకారం కింది లైను ఇచ్చేస్తే పై పొర ఖాళీ అవుతుంది. దాన్ని పూడ్చడానికి కీబోర్డు ఎక్కువ వాయిస్తాడు. అక్కడితో పాట బరువెక్కిపోతుంది.

మొదటి రెండు నిమిషాల్లో వాయిద్యాలు ఒకటొకటిగా లోపలికి వచ్చే తీరు వినండి. ముందు సింథ్ ఒంటరిగా వస్తుంది, తర్వాత డ్రమ్స్, ఆ పైన సన్న బేస్, క్లావినెట్. ఇన్ని పొరలు చేరాక గానీ శాక్సఫోన్ అసలు రాగం ఎత్తుకోదు. కొత్త పొర వచ్చినప్పుడు పాతవాళ్ళు తమ పని మార్చరు. ఈ ఆల్బంలో నేర్చుకోవాల్సింది ఉంటే అది ఇదే: ఇంకొకరు వస్తారని తెలిసి, వాళ్ళ చోటు మొదటి బార్ (నాలుగు బీట్ల చుట్టు) నుంచే ఖాళీగా వదిలి వాయించడం.

కాగితం మీద 32 గళ్ళు గీయండి. ఒక్కో గడి ఒక పదహారో వంతు స్వరం, మొత్తం రెండు బార్లు. వేగం నిమిషానికి సుమారు 94 బీట్లు కాబట్టి ఒక్కో గడి దాదాపు 160 మిల్లీసెకన్లు, రెండు బార్ల చుట్టు 5 సెకన్ల పైచిలుకు. సింథ్, సన్న బేస్, క్లావినెట్, కిక్, స్నేర్ డ్రమ్ములు, ఒక్కోదానికి ఒక్కో వరుస. ఒక్కో వాయిద్యాన్నే పట్టుకుని వింటూ గళ్ళు నింపండి. ఒక వరుసలో గుంపుగా మార్కులున్న చోట మిగతా వరుసలు పలచబడటం కంటికే కనిపిస్తుంది. ఏ వరుసనైనా విడిగా వాయిస్తే, ఇదేనా పాట అనిపించేంత తక్కువ సరుకుంటుంది. మీ రిహార్సల్‌కూ ఇదే కాగితం వేసి చూసుకోండి. ఖాళీ గళ్ళు కనబడకపోతే తప్పు అక్కడే.

సన్న బేస్ పొరకు పన్నెండో ఫ్రెట్ పైన వాయించి, అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర ఆనించి తీగ మోతను కత్తిరించాలి. మిక్సర్‌లో 150 హెర్ట్జ్ కింద అంతా తీసేయండి. ఆ చోటు సింథ్‌ది.

ఒక కీబోర్డిస్టే ఉంటే రికార్డులో ఉన్నదంతా రెండు చేతులకు పట్టదు. స్టూడియోలో పొరలు వేరుగా చేర్చే వీలుంది, వేదిక మీద లేదు. ఎడమ చేతికి సింథ్ బేస్, కుడి చేతికి క్లావినెట్ ఇవ్వండి. కుడి చేయి సోలోకు లేచే ముందు బేసిస్టు కింది లైను అందుకోవాలి, అదీ సోలో మొదలయ్యే బార్‌లో కాదు, రెండు బార్ల ముందే. ఆ రెండు బార్లూ ఇద్దరూ కలిసి వాయిస్తే మార్పిడి తెలియదు. ఇద్దరూ ఒకేసారి వదిలేసి, ఇద్దరూ ఒకేసారి అందుకోవడమే మామూలుగా జరిగే ప్రమాదం.

మూడుస్లైడర్లు

బేస్ బురద గురించి. మీ రెసిపీలో బురదకు మూడు కారణాలున్నాయి: డీట్యూన్, రివర్బ్, బహుశా పొడవాటి రిలీజ్ (వేలు తీశాక మిగిలే మోత). బీ ఫ్లాట్ 58 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఈ ఫ్లాట్ 78 దగ్గర. అంత కింద రెండు ఆసిలేటర్లను డీట్యూన్ చేస్తే వచ్చే అల నెమ్మదిగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. దాంతో ఒక స్వరం గట్టిగా, తర్వాతిది పీలగా పడుతుంది. పొట్టి స్వరాల లైనులో ఆ తేడా వేళ్ళ తప్పులా వినిపిస్తుంది. ఒక్క ఆసిలేటర్ చాలు, సా టూత్ అల. రెండోది కావాలంటే ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన, డీట్యూన్ లేకుండా, పావు వంతు మట్టంలో.

లో పాస్ ఫిల్టర్ (పై శబ్దాలను కోసేది) కటాఫ్ 250 నుంచి 350 హెర్ట్జ్ మధ్య, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గర వచ్చే ఉబ్బు) దాదాపు సున్నా. ఎన్వలప్ (స్వరం కాలంతో మారే తీరును నడిపే భాగం) ఆ ఫిల్టర్‌ను ఒక ఆక్టేవున్నర పైకి తెరవాలి. అటాక్ (ఎక్కే సమయం) 0 నుంచి 3 మిల్లీసెకన్లు, డికే (దిగే సమయం) 200 నుంచి 250, సస్టెయిన్ (నిలిచే మట్టం) మూడో వంతు, రిలీజ్ 40 నుంచి 60. మీరు అడిగిన కొరుకుడు ఆ డికేలోనే ఉంది. మొదట ఫిల్టర్ తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. 1972లో వచ్చిన మొదటి తరం ఒడిస్సీ ఫిల్టర్ ఆక్టేవ్‌కు 12 డెసిబెల్ చొప్పున తగ్గిస్తుంది, తర్వాతి తరాలవి 24. సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకునే వీలుంటే 12 పెట్టి చూడండి. పై హార్మోనిక్స్ కొన్ని మిగిలి, చిన్న స్పీకర్లలో కూడా లైను తెలుస్తుంది.

ఎక్కువమంది వదిలేసేది ట్రిగ్గర్ అమరిక. ఈ లైను రెండు బార్లలో 12 స్వరాలు. మొదటి సగం జీ, ఏ ఫ్లాట్, ఏ అని మూడు అరమెట్లు (సెమీటోన్లు) ఎక్కి బీ ఫ్లాట్ మీద దిగుతుంది. రెండో సగం సీ, డీ ఫ్లాట్, డీ మీదుగా ఈ ఫ్లాట్ మీద దిగుతుంది. సాఫ్ట్‌వేర్ సింథ్ లెగాటో మోడ్‌లో (స్వరాలను కలిపి పలికించే అమరికలో) ఉంటే, వేలు కాస్త ఆలస్యంగా లేచినా రెండో మూడో స్వరాలకు ఎన్వలప్ మళ్ళీ మొదలవదు. మెట్లు మెట్లుగా వినిపించాల్సింది జారుడుబల్ల అవుతుంది. ఆర్ప్ కీబోర్డు కొత్త మీట నొక్కిన ప్రతిసారీ ఎన్వలప్‌ను మళ్ళీ లేపుతుంది. కాబట్టి మల్టీ ట్రిగ్గర్ పెట్టండి, గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారుడు) సున్నా చేయండి.

వెలాసిటీ కూడా ఆపేయండి. ఒడిస్సీ మీటలకు గట్టిగా, మెల్లగా అన్న తేడా తెలియదు. అన్ని స్వరాలూ ఒకే బలంతో వస్తాయి. ఏ స్వరం ముఖ్యమో దాని పొడవే చెప్పాలి. మీడీ ఎడిటర్‌లో అన్నీ సమాన పొడవు ఉంటే ఎంత మంచి శబ్దమైనా కుట్టుమిషన్‌లా ఉంటుంది. ఎక్కే మూడు స్వరాలూ పొట్టిగా, దిగే స్వరం నిండుగా ఉండాలి. దాని తర్వాతి నిశ్శబ్దాన్ని కూడా ఒక స్వరమంత శ్రద్ధగా కొలవాలి.

రివర్బ్ వద్దు. పూర్తిగా మోనో. అవసరమైతే కొద్దిగా శాచురేషన్ (తేలికపాటి వక్రీకరణ), 35 హెర్ట్జ్ కింద కత్తిరింపు. అంతే.

క్లావినెట్ గురించి రెండు మాటలు. మీట నొక్కితే కింద ఉన్న రబ్బరు మొన తీగను ఒక లోహపు దిమ్మకు ఒత్తుతుంది. వేలు తీయగానే తీగ చివర అల్లిన నూలు మోతను ఆపేస్తుంది. అందుకే ఈ వాయిద్యంలో వేలు ఎత్తే క్షణం నొక్కే క్షణమంత ముఖ్యం. శాంపిల్ లైబ్రరీల్లో ఆ ‘వేలు ఎత్తిన’ శబ్దాన్ని ఆపేసి ఉంటే దాన్ని ఆన్ చేయండి. అసలు డీ6 దొరికితే ముందు 60 మీటల రబ్బరు మొనలు చూడండి. కాలం గడిచేకొద్దీ అవి కరిగి బంకలా మారి తీగకు అంటుకుంటాయి. స్వరం ఆలస్యంగా విడుదలవుతుంటే, రెండుసార్లు టిక్కుమంటుంటే కారణం అదే. ఒకటి రెండు మార్చి లాభం లేదు, సెట్టంతా ఒకేసారి మార్చాలి. పాత మొనల బంకను తీగల మీద నుంచి, దిమ్మల మీద నుంచి పూర్తిగా తుడవకుండా కొత్తవి వేస్తే అవీ అంటుకుంటాయి.

పళ్ళెంసూది

లెగాటో తీసేయగానే సగం బురద పోయింది. డీట్యూన్ తీస్తే మిగతాది కూడా. ధన్యవాదాలు.

ఇంకో చిక్కు. సోలోలో మా కీబోర్డిస్టు బీ ఫ్లాట్ మైనర్ స్కేలే వాయిస్తున్నాడు. అయినా ప్రతి రెండో బార్‌లో ఏదో పుల్లగా తగులుతోంది. స్కేలు తప్పా?

ఆరోవేలు

స్కేలు ఒక్క స్వరం తప్పు. బార్‌కొకటి చొప్పున రెండే కార్డులు: బీ ఫ్లాట్ మైనర్ సెవెన్త్, ఈ ఫ్లాట్ సెవెన్త్. రెండో కార్డులో మూడో స్వరం జీ. మామూలు మైనర్ స్కేలులో ఉండేది జీ ఫ్లాట్. కార్డు జీ అంటుంటే సోలో జీ ఫ్లాట్ అంటోంది, ఆ పులుపు అదే. కావాల్సింది డోరియన్: బీ ఫ్లాట్, సీ, డీ ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్, జీ, ఏ ఫ్లాట్.

మన కర్ణాటక సంగీతం లెక్కలో చెప్పాలంటే బీ ఫ్లాట్ షడ్జమంగా ఖరహరప్రియ స్వరాలు. మీవాడు వాయిస్తున్నది నటభైరవి. తేడా అంతా ధైవతంలోనే ఉంది. ఇక్కడ చతుశ్రుతి ధైవతం పడాలి, శుద్ధ ధైవతం పడుతోంది. స్వరాల వరకే ఈ పోలిక, గమకాలు దీనికి తగిలించకండి. ఒడిస్సీ సోలోలో వినిపించే వంపులు వేరే జాతివి.

బేస్ లైనులో ఏ స్వరం ఉంది కదా, అది స్కేలులో లేదే అనొచ్చు. అది దారిలో తొక్కే మెట్టు మాత్రమే. సోలోలో దాని మీద నిలబడితే మళ్ళీ పులుపే.

మూడుస్లైడర్లు

వంపుల మాట వచ్చింది కాబట్టి: మొదటి తరం ఒడిస్సీకి పిచ్ వీల్ లేదు, గుండ్రటి నాబ్ ఉంటుంది. స్ప్రింగు వీల్‌లా వదలగానే దానంతటది మధ్యకు రాదు, చేత్తో తీసుకురావాలి. ఆ తిరుగు ప్రయాణం కొంచెం అటూ ఇటూగా ఉండటమే ఆ సోలోకు గొంతులాంటి గుణం ఇస్తుంది. స్ప్రింగు వీల్‌తో అదే చేస్తే వంపు మరీ చకచకా ముగుస్తుంది. వీల్ పరిధిని రెండు అరమెట్లకు తగ్గించి, వేలితో ఆపుతూ నెమ్మదిగా వదలండి. దగ్గరగా వస్తుంది.

అనలాగ్ సింథే వాడుతుంటే కరెంటు ఇచ్చాక 20 నిమిషాలు ఆగి శ్రుతి చేయండి. చల్లని ఆసిలేటర్‌ను శ్రుతి చేస్తే మొదటి పాట అయ్యేలోపే జారుతుంది.

గాలిబుడ్డి

సీసా సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

‘వాటర్‌మెలన్ మ్యాన్’ మొదట్లో తాళవాయిద్యకారుడు బిల్ సమ్మర్స్ ఊదినది మధ్య ఆఫ్రికాలోని బా బెంజెలే ప్రజల హిందేవూ పద్ధతికి అనుకరణ. హిందేవూ ఒకే స్వరం పలికే చిన్న ఈల. ఊదేవాళ్ళు ఈల స్వరం, గొంతు స్వరం మార్చి మార్చి వేస్తూ రెండిటితో ఒక నమూనా అల్లుతారు. పరిశోధకులు సిమ్హా ఆరోమ్, జెనెవీవ్ తోరెల్ అక్కడ చేసిన క్షేత్ర రికార్డింగులు 1966లో ఎల్‌పీగా వచ్చాయి. ఆ ఎల్‌పీ, ఈ పాట పక్కపక్కన వింటే సంబంధం వెంటనే తెలుస్తుంది. అప్పు తీసుకున్న తీరు మీద సంగీత పరిశోధకుడు స్టీవెన్ ఫెల్డ్ 1996లో రాసిన వ్యాసం ఈ విషయంలో చదవాల్సినది. ఆల్బం గొప్పదే, కానీ ఈ అప్పు సంగతి దాటవేస్తూ దాని గురించి మాట్లాడటం సరికాదని నా అభిప్రాయం.

ఇప్పుడు శ్రుతి. పాట ఎఫ్‌లో ఉంది. సీసా స్వరాన్ని మూడు కొలతలు నిర్ణయిస్తాయి: లోపలి గాలి పరిమాణం, మెడ వైశాల్యం, మెడ పొడవు. గాలి తగ్గితే స్వరం పెరుగుతుంది, కానీ నేరుగా కాదు, వర్గమూలం లెక్కన. 330 మిల్లీలీటర్ల సీసా, మెడ లోపలి వ్యాసం 1.8 సెంటీమీటర్లు, మెడ పొడవు 6 సెంటీమీటర్లు అనుకుంటే ఖాళీ సీసా 177 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మధ్య సీ కింది ఎఫ్ 174.6, అంటే పావు అరమెట్టు ఎక్కువ, పని అయిపోయినట్టే. సీసా ఆకారాన్ని బట్టి మారుతుంది కాబట్టి ట్యూనర్ పెట్టి చూడండి. ఒక అరమెట్టు పైకి వెళ్ళాలంటే ఉన్న గాలిలో 11 శాతం తగ్గాలి. ఖాళీ సీసాలో అది 36 మిల్లీలీటర్ల నీళ్ళు. ఆక్టేవ్ పైకి వెళ్ళాలంటే గాలి నాలుగో వంతే మిగలాలి, అంటే దాదాపు 250 మిల్లీలీటర్ల నీళ్ళు. చాలామంది సగం నింపి ఆక్టేవ్ వస్తుందనుకుంటారు. సగానికి వచ్చేది ఆరు అరమెట్లే, అది ఎఫ్‌కు బీ. దాన్ని ఎఫ్‌తో కలిపి ఊదితే పెళ్ళిలో తుమ్మినట్టుంటుంది.

సీసా ఎక్కువ శ్రుతి పలికితే నీళ్ళతో దాన్ని తగ్గించలేరు. నీళ్ళు పైకే తీసుకెళ్తాయి. మెడ చివర బిగుతుగా పట్టే చిన్న గొట్టం తొడిగి పొడవు పెంచాలి, లేదా ఇంకా పెద్ద సీసా తీసుకుని పైకి శ్రుతి చేయాలి. రెండోదే సులువు.

మీ శ్రుతి పైకి పోవడానికి కారణం ఊపిరి వేడి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే స్వరం సుమారు 3 సెంట్లు (అరమెట్టులో వందో వంతు ఒక సెంటు) పెరుగుతుంది. చల్లని సీసా పది డిగ్రీలు వేడెక్కితే 30 సెంట్లు. మందు ఏమిటంటే, ముందు ఒకటి రెండు నిమిషాలు ఊది, ఆ తర్వాతే నీళ్ళు కొలిచి పోయండి. చన్నీళ్ళు వద్దు, గది వేడికి వచ్చిన నీళ్ళు వాడండి. శ్రుతి కుదిరాక నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించండి.

ఊదేటప్పుడు కింది పెదవిని మెడ అంచుకు ఆనించి, గాలిని అవతలి అంచుకు తగిలేలా పంపాలి. లోపలికి ఊదితే బుస్సుమనడమే మిగులుతుంది. పొడవుగా ఊదకూడదు. ‘ఫూ’ కాదు, ‘ఫుత్’ అని నాలుకతో ఆపాలి. ఊదినాక గొంతు స్వరం, మళ్ళీ ఊదడం. ఈ మార్పిడి ఒక్క మనిషికి కష్టమైతే ఇద్దరికి పంచండి. ఒకరు సీసా, ఒకరు గొంతు. మైకు మెడకు ఎదురుగా పెట్టకండి, గాలి దెబ్బకు పగులుతుంది. ఒక జానెడు దూరంలో, మెడకు పక్కగా పెట్టండి.

ఒక అదనపు మాట. ఈ పాట హాన్‌కాక్ 1962 ఆల్బం ‘టేకిన్ ఆఫ్’లో మొదటిసారి వచ్చింది, 16 బార్ల బ్లూస్ రూపంలో. 1973 కూర్పు డ్రమ్మర్ హార్వీ మేసన్ ఆలోచన. వేగం తగ్గించి, రాగం వాక్యాల మధ్య సందులు పెంచారు. 1962 కూర్పు తెలిసినవాళ్ళకు ఆ సందుల్లో ఏదో ఒకటి వాయించాలని చేయి దురద పెడుతుంది. ఆ దురదను ఆపుకోవడమే రిహార్సల్.

గాడిలెక్క

పళ్ళెం, సూది రెండూ బాగానే ఉండొచ్చు. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ వేరు వేరు కారణాలున్నాయి.

మొదటిది. ఒకటో సైడులో ‘కమీలియన్’ 15 నిమిషాల 41 సెకన్లు, ‘వాటర్‌మెలన్ మ్యాన్’ 6 నిమిషాల 29 సెకన్లు. కలిపి 22 నిమిషాలు దాటుతుంది. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి గాడిలో సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పోతే, లోపలి గాడిలో 21 మాత్రమే. అదే సమాచారం సగం కన్నా తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది. పైగా ‘వాటర్‌మెలన్ మ్యాన్’లో షేకెరే (పూసల బుర్ర), టాంబరీన్ వంటి గలగల శబ్దాలు, ఊపిరి శబ్దాలు ఎక్కువ. సూదికి అతి కష్టమైన సరుకు అతి ఇరుకు చోట పడింది.

చేయగలిగినవి వరుసగా. గాడిని శుభ్రం చేయండి. డిస్టిల్డ్ నీళ్ళు, చుక్క వెట్టింగ్ ఏజెంట్ (నీళ్ళు పరుచుకునేలా చేసే ద్రవం) చాలు, నీళ్ళు ఎండిపోకముందే పీల్చి తీయాలి. ట్రాకింగ్ బరువును (సూది గాడిని నొక్కే బరువు) కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన పరిధిలో పై కొసకు పెట్టండి. గాడికి హాని అని భయపడి తక్కువ పెడితే సూది గోడల మధ్య ఎగిరి ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. తర్వాత అలైన్‌మెంట్, అంటే సూది కోణం సరిచేయడం. బేర్‌వాల్డ్ పద్ధతిలో సూది గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండే రెండు చోట్లు మధ్య నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి. స్టీవెన్‌సన్‌లో 60.3, 117.4. పొడవాటి సైడ్లు, లోపలి గాడిలో గరుకు మీ ప్రధాన బాధ అయితే స్టీవెన్‌సన్ పనికొస్తుంది. దానికి బదులు పళ్ళెం మధ్య భాగంలో కొంచెం నష్టపోతారు. గుండ్రటి మొన సూది అయితే ఇవన్నీ చేసినా లాభం కొద్దిగానే. దీర్ఘవృత్తాకారపు మొన, వీలైతే సన్నగీత మొన వాడండి.

ఇవన్నీ అయ్యాక కూడా గరుకు ఒక చానెల్‌లోనే ఉంటే యాంటీ స్కేటింగ్ (సూది లోపలి వైపుకు లాగబడకుండా ఆపే అమరిక) చూడండి. రెండిట్లోనూ ఉండి, ఎన్నిసార్లు వేసినా అదే స్వరం దగ్గర వస్తుంటే గాడి అరిగినట్టు. దానికి మందు లేదు.

రెండోది. సీక్యూ అంటే క్వాడ్రఫోనిక్ (నాలుగు స్పీకర్ల) ముద్రణ. రికార్డు కంపెనీ కొలంబియా వాడింది ఎస్‌క్యూ పద్ధతి: నాలుగు చానెళ్ళను ఫేజు (శబ్దపు అల దశ) మార్చి రెండింటిలో కుక్కడం. ముందు రెండు చానెళ్ళు ఉన్నవున్నట్టే వస్తాయి. వెనకవి 90 డిగ్రీల ఫేజు తేడాతో రెండు వైపులా కలుస్తాయి. మీ స్పీకర్ల బయట తేలుతున్నవి ఆ వెనక చానెళ్ళ సరుకే. తేల్చుకోవడానికి ఆంప్లిఫయర్‌లో మోనో మీట నొక్కండి. సరిగ్గా వెనక మధ్యలో పెట్టిన శబ్దం ఎడమ కుడి చానెళ్ళలో వ్యతిరేక ఫేజులో ఉంటుంది కాబట్టి మోనోలో మాయమవుతుంది. ఏది మాయమైతే అది వెనక ఉండాల్సింది.

ఎస్‌క్యూకు ప్రత్యేక సూది అక్కర్లేదు. ఆ గొడవ సీడీ4 అనే ఇంకో క్వాడ్ పద్ధతిది, దానిలో 30 కిలోహెర్ట్జ్ క్యారియర్ ఉంటుంది. డీకోడర్ మాత్రం కావాలి, అదీ లాజిక్ (ఏ చానెల్ గట్టిగా ఉందో చూసి విడదీసే సర్క్యూట్) ఉన్నది. లాజిక్ లేని సాదా డీకోడర్‌లో ముందు వెనకల మధ్య విడి 3 డెసిబెల్ మాత్రమే, ఉన్నా లేనట్టే.

వాయించడం నేర్చుకోవడానికి మాత్రం కేసీ (స్టీరియో) కాపీనే వాడండి. గళ్ళ కాగితం నింపేటప్పుడు ఏ వాయిద్యం ఏ వైపు ఉందో స్థిరంగా ఉండాలి. క్వాడ్ మిక్స్ వేరే సరదా.

పళ్ళెంసూది

మోనో మీట పరీక్ష చేశాను. అచ్చం మీరు చెప్పినట్టే ఒకటి రెండు తాళవాయిద్యాలు లోపలికి వెళ్ళిపోయాయి. సూది కొనే ఖర్చు తప్పింది. సీసాలో నీళ్ళు సగానికి నింపినవాళ్ళలో ఇక్కడివాళ్ళూ ఉన్నారు, ఎవరని అడగకండి.

ఆఖరి ప్రశ్న. ‘కమీలియన్’ ఫైలును డీఏడబ్ల్యూలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో) పెట్టి 94 అని టెంపో కట్టాను. సగం దాటాక గ్రిడ్ పూర్తిగా తప్పిపోతోంది. 94 తప్పా?

ఆరోవేలు

మొదటి భాగానికి దగ్గరే. కానీ ఒకే సంఖ్య ఈ పాట మొత్తానికి పట్టదు. సగం దగ్గర బేస్ లైను మారి ఫెండర్ రోడ్స్ (ఎలక్ట్రిక్ పియానో) సోలో మొదలవుతుంది, అక్కడ వేగం పెరుగుతుంది. దాన్ని తప్పు అనుకుని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి సరిచేయకండి, ఊపు చచ్చిపోతుంది. ప్రతి 8 బార్లకు ఒక టెంపో మార్కర్ చేత్తో పెట్టి, గ్రిడ్‌నే పాటకు తగ్గట్టు వంచండి. రోడ్స్ భాగాన్ని వేరే పాటలా విడిగా సాధన చేసి, మళ్ళీ మొదటి బేస్ లైనుకు తిరిగొచ్చే చోటును మాత్రం కలిపి పదేపదే చేయండి. తిరిగొచ్చేటప్పుడు వేగం కిందికి దించడం డ్రమ్మర్ ఒక్కడి పని కాదు. బేస్ లైను ఎత్తుకునేవాడు ఆ మూడు మెట్ల స్వరాలతోనే కొత్త వేగం చెప్పాలి.

రెండో సైడును వదిలేయకండి. ‘స్లై’లో ఒకే పాట లోపల రెండు వేగాలున్నాయి. సోలోల కింద క్లావినెట్ ఎలా తోస్తుందో అదొక్కటే పట్టుకుని వినండి. ఫంక్ గాయకుడు స్లై స్టోన్‌కు నమస్కారంగా పెట్టిన పేరది. ‘వీన్ మెల్టర్’ గురించి ఎవరూ మాట్లాడరు. నెమ్మది పాట, శాక్సఫోన్ వాయించే బెన్నీ మాపిన్ బేస్ క్లారినెట్, గుండె చప్పుడులా కిక్. హాన్‌కాక్ ముందు నడిపిన మ్వాండిషి బృందం నుంచి ఈ అయిదుగురిలోకి వచ్చింది మాపిన్ ఒక్కడే, ఆ పాత ధోరణి ఈ పాటలో బాగా మిగిలింది.

గాడిలెక్క

‘వీన్ మెల్టర్’ కూడా సైడు చివరిదే, 9 నిమిషాల 9 సెకన్లు. పైగా మెల్లని పాట కాబట్టి గరుకు కన్నా చిటపటలు ముందు వినిపిస్తాయి. కడిగిన పళ్ళెం మీద మొదటిసారి సూది దించాల్సింది ఆ ట్రాకు మీదే. శుభ్రమయిందో లేదో ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది.